చల్లారిన పాకంలో పూరేకులు

తేనెపెట్టెల మామ పోయాడని మా నాయన ఫోన్ చేసేసరికి నేను బడికి బయలుదేరుతున్నాను. ప్రొద్దుటూరులో బస్సెక్కి, పులివెందుల పక్కనున్న మా ఊరు చేరేదాకా ఆయన కోపమే గుర్తుకొచ్చింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు, పక్క చేని రైతు. నాకు పన్నెండేళ్ళప్పుడు మా పొద్దుతిరుగుడు విరగబూసింది. ఆయన పెట్టెల్లోని తేనెటీగలు మాత్రం మా చేని మీదుగా ఎగిరి అవతలి చీనీతోటకే, అంటే బత్తాయి తోటకే, పోయేవి. ఈగ వాలకపోతే గింజలన్నీ తాలు. మా నాయన విసిగిపోయి, "రేపు చేన్లోకి గొర్లను తోలేస్తా" అన్నాడు.

"రెండు దినాలు ఆగప్పా. వాటికి మీ పూల వాసన నేర్పిస్తా" అన్నాడు మామ.

ఈగలకు చదువు చెప్తాడంట అని ఊరంతా నవ్వింది. ఈగలకు తాపే చక్కెర పాకం కాచే పని నాకు అప్పగించాడు. నేను ఉత్సాహం కొద్దీ మరిగే చక్కెర నీళ్ళలోనే పొద్దుతిరుగుడు పూరేకులు వేసేశాను. ఆయన మూత తీసి వాసన చూశాడు.

"పూలను కూర వండినావేంది పాపా! వాసనంతా ఆవిరైపాయ. చల్లారినాక వెయ్యల్ల!"

మళ్ళీ కాచాం. చల్లార్చి, రేకులు నానబెట్టి, వడగట్టి, సాయంత్రం పెట్టెల్లో పెట్టాడు. తాగేటప్పుడు తగిలిన వాసన ఎక్కడుంటే తిండీ అక్కడుంటుందని ఈగ గుర్తుపెట్టుకుంటుంది. మూడోరోజుకల్లా మా చేను ఝుమ్మంది. నాయన గొర్రెల మాట మళ్ళీ ఎత్తలేదు.

"కసిరితే ఏ జీవీ నేర్సుకోదు పాపా. కడుపు నింపితే నేర్సుకుంటాది" అనేవాడు. కసరడంలో మాత్రం ఆయన్ను మించినవాడు లేడు. కసిరిన ప్రతిసారీ బీడీలుండే జేబులోంచి బెల్లంముక్క తీసి పెట్టేవాడు. అందుకేనేమో, బీడీ వాసన తగిలితే నాకు ఇప్పటికీ నోరూరుతుంది. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే తరగతిలో మొద్దని పేరుపడ్డ పిల్లలు కూడా చెయ్యెత్తుతున్నారంటే, అది ఆ బెల్లంముక్క చలవే.

ఈసారి పొద్దుతిరుగుడు వేసింది ఆయనే. పూత మీదుండగా పోయాడు. చీనీతోటా అప్పుడే పూసింది, ఈగలన్నీ అటే.

"పెట్టెలు అమ్మేస్తా. చేను పోతే పోనీ. మీ మామ లేకుండా వాటికి సెప్పేదెవరు?" అంది అత్త.

నేను సెలవు పొడిగించి పొయ్యి ముట్టించాను. ఈసారి పాకం చల్లారేదాకా ఆగాను. ఏమనుకుందో, అత్తే వెళ్ళి ఒడినిండా రేకులు కోసుకొచ్చింది.

మూడోరోజు పొద్దున ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. ఈగ కనబడితే కొంగు ముసుగేసుకుని పరిగెత్తే మనిషి, చేన్లోకి దిగి ఒక పువ్వును వంచి చూసింది.

"వచ్చినాయి పాపా" అంది మెల్లగా.

ఒళ్ళంతా పుప్పొడి పూసుకున్న ఈగ ఒకటి ఎగిరి ఆమె చేతిమీద వాలింది. అత్త చెయ్యి కదపలేదు.