ట్యాగ్ తీయని టోపీ

ఆ రోజు మా అల్లుడు దేనికీ కాదనలేదు. నాకు అనుమానం పుట్టింది అక్కడే.

మామూలుగా చేయి బిగించి ఖర్చు పెట్టే మనిషి. బయట నీళ్ళ సీసా కొందామన్నా "ఇంట్లో కేసు నిండా ఉన్నాయి కదా" అంటాడు. అందులో తప్పేమీ లేదు, నేనూ అంతే. అలాంటివాడు బుధవారం మధ్యాహ్నం, ఆఫీసు ఉండే రోజున, లీవు పెట్టానని చెప్పి మా అమ్మాయినీ, తొమ్మిదేళ్ళ మనవరాలినీ, నన్నూ కారెక్కించి ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి డెట్రాయిట్ తీసుకెళ్ళాడు. బేస్‌బాల్ ఆట చూడటానికి. మా నలుగురిలో ఒక్కరూ అంతకు ముందు ఆ ఆటని స్టేడియంలో చూసి ఎరగరు. కారు అద్దానికి ఎప్పుడూ వేలాడే అతని ఆఫీసు బ్యాడ్జి ఆ రోజు లేదు. చూశాను, ఊరుకున్నాను.

సీట్లు బాగా పైన. ఎండ నడినెత్తిన. రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటూ ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేను. బ్యాటూ బంతీ ఉన్న ఆట ఇంకొకరు నాకు చెప్పేదేమిటనుకున్నాను. రెండో బంతికే బ్యాటు అంచు తగిలి బంతి వెనక్కి లేచి జనంలో పడింది. లేచి చప్పట్లు కొట్టాను. ఆ వరసల్లో నేనొక్కణ్ణే.

"తాతా, సిట్ డౌన్! అది ఫౌల్," అని మనవరాలు చొక్కా పట్టి లాగింది.

"వెనక్కి పోయినా పరుగులేగా!"

"నో తాతా. వెనక పడితే వేస్ట్. ఇంకా, వాళ్ళు మన టీమ్ కూడా కాదు!"

"నువ్వు విజయవాడలోనూ ఇంతే నాన్నా," అంది మా అమ్మాయి. "అందరూ హీరోకి విజిలేస్తే నువ్వు విలన్‌కి వేసేవాడివి."

అందరం నవ్వాం. అల్లుడి నవ్వు అందరికంటే ఆలస్యంగా వచ్చింది, అందరూ ఆపాక కూడా ఆగలేదు.

తర్వాత మొదలైంది కొనడం. చిన్న హెల్మెట్‌లాంటి కప్పులో ఐస్‌క్రీం. సరే. పాప్‌కార్న్. సరే. చేతికి తొడుక్కుని ఊపే పెద్ద స్పాంజి చెయ్యి. సరే. టీమ్ టోపీ. దానికీ సరే.

"ఏంటండీ ఇవాళ, లాటరీ తగిలిందా?" అంది మా అమ్మాయి.

"రోజూ వస్తామా ఏంటి," అన్నాడు.

ఆ మాట నేను అంతకు ముందు విన్నాను. మా నాన్న నోట.

ఆయన జూట్ మిల్లులో పని చేసేవాడు. నాకు పదేళ్ళప్పుడు ఒకనాడు పెందలాడే ఇంటికొచ్చి, మమ్మల్నందరినీ సర్కస్‌కి బయల్దేరదీశాడు. జిలేబీ అంటే జిలేబీ కొన్నాడు, రంగుసోడా అంటే రంగుసోడా. అట్టముక్క కళ్ళజోడు కూడా కొన్నాడు. ఎందుకింత అని మా అమ్మ అంటే, "రోజూ వస్తుందేమిటే సర్కస్సు" అన్నాడు. మిల్లు గేటుకి తాళం పడిందని మాత్రం చెప్పలేదు. తర్వాతి సోమవారం నేను బళ్ళో లెక్కలు చేసుకుంటుంటే వచ్చి, మేష్టారితో ఏదో గొణిగి, నా చెయ్యి పట్టుకుని లారీలకి బాడీలు కట్టే షెడ్డులో అప్పజెప్పాడు. ఆ తర్వాత నేను చదివిన చదువంతా బజ్జీలు కట్టిన కాగితాల మీదే. మిల్లు మూసినవాళ్ళ మీద నాకు కోపం ఉంది, చచ్చేదాకా ఉంటుంది. మా నాన్న మీద కోపం వేరు. పని పోయినందుకు కాదు. అంతా తెలిసి, నోరు మూసుకుని నాకు జిలేబీ తినిపించాడు.

నీళ్ళు తెస్తానని అల్లుడు లేచాడు. నేనూ వెంట వెళ్ళాను. క్యూలో నిలబడ్డాక అడిగాను.

"బాబూ, బ్యాడ్జి ఏది?"

"ఏ బ్యాడ్జి మామయ్యగారూ?"

"కారు అద్దానికుండేది."

అతను ధరల బోర్డు వైపు చూస్తూ చెప్పాడు. "సోమవారం పొద్దున్నే మీటింగ్ పెట్టారు. అది నడుస్తుండగానే లాప్‌టాప్ లాక్ చేసేశారు. బ్యాడ్జి కొరియర్‌లో పంపమన్నారు, పంపేశాను."

"అమ్మాయికి?"

"చెప్పలేదు. ప్లీజ్ మామయ్యగారూ. గ్రీన్‌కార్డ్ ఇంకా లైన్‌లోనే ఉంది. రెండు నెలల్లో ఇంకో కంపెనీ వీసా ఫైల్ చేయకపోతే సర్దుకుని వెళ్ళిపోవాలి. మార్కెట్ అస్సలు బాలేదు, ఇంటర్వ్యూ కాల్స్ కూడా రావట్లేదు. ఈ ఒక్కరోజు వాళ్ళని హ్యాపీగా ఉండనివ్వండి. వీకెండ్‌లో చెప్తాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళు చాకిరీ చేయించుకుని బ్యాడ్జి కొరియర్‌లో పంపమంటారా? మా షెడ్డు ఓనరు పచ్చి పీనాసి. వాడు కూడా మనిషిని మానిపించాలంటే ఎదురుగా కూర్చోబెట్టి, టీ తాగించి చెప్పేవాడు!"

ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"మెల్లగా, మామయ్యగారూ."

"సరే, మెల్లగానే అంటాను. ఆట అయ్యేలోగా మీరు చెప్పండి. లేదంటే నేను చెప్తాను."

"ఇవాళే ఎందుకండీ?"

"ఇవాళ కొనిపెట్టారు కాబట్టి."

ఆట చివరికొచ్చేటప్పుడు ఇక్కడొక ఆచారం ఉంది. స్టేడియమంతా లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒకే పాట అందుకుంటుంది. ఆ రొదలో అతను మా అమ్మాయి చెవి దగ్గరికి వంగాడు. చుట్టూ అందరూ నిలబడి పాడుతుంటే అది మెల్లగా కూర్చుంది.

"ఎప్పుడు?"

"మండే."

"మరి నిన్న బాక్స్ కట్టించుకుని ఎక్కడికెళ్ళారు?"

"లైబ్రరీకి."

పక్కనే ఉన్న పిల్ల అంతా విన్నది.

"డాడీ, మనం ఇండియా వెళ్ళిపోతామా?"

"తెలీదు నాన్నా."

అది స్పాంజి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత టోపీ తీసి, లోపలి అంచు వేలితో తడిమి చూసింది.

"ట్యాగ్ ఇంకా ఉంది. రిటర్న్ చేసేద్దాం. షాప్ ఓపెనే ఉంది."

"వద్దమ్మా, ఉంచుకో."

"ఇట్స్ ఓకే డాడీ. నాకు అంత నచ్చలేదు కూడా."

నచ్చలేదట! కొన్నప్పటి నుంచీ పెద్ద తెరలో తన మొహం కనబడుతుందేమోనని ఆ టోపీ ఊపుతూనే ఉంది. కప్పులో ఐస్‌క్రీం కరిగి నీళ్ళయింది, ఎవరూ ముట్టలేదు.

తిరుగు ప్రయాణంలో టోపీ నలగకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది పిల్ల. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ మా నాన్న జిలేబీలే తలుచుకున్నాను. ఆ పాకం మోచేతి దాకా కారింది, నాకింకా గుర్తుంది. నా కోపం నిజమే. ఆ జిలేబీ తియ్యగా ఉందన్నదీ నిజమే. ఈ రెండోది ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పమనే అంటాను. పిల్లని చీకట్లో ఉంచి ఐస్‌క్రీం తినిపించడం నేను ఒప్పుకోను. కానీ ఆ మాట ఇప్పుడు మునుపటంత గట్టిగా రావటం లేదు.

టోపీ తిరిగి ఇవ్వనివ్వలేదు అల్లుడు. అది గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద, కొన్న సంచిలోనే ఉంది. అతను పొద్దుటినుంచీ డైనింగ్ టేబుల్ దగ్గర సొంత లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటాడు. ఫోన్ మోగితే మేం ముగ్గురం అటే చూస్తాం. మొన్న పిల్ల ఎండలో ఆడుకోవడానికి వెళ్తుంటే, అతనే లేచి వెళ్ళి, టోపీ తీసి దాని నెత్తిన పెట్టబోయాడు.

అది తల పక్కకి తిప్పేసుకుంది.

"జాబ్ వచ్చాక, డాడీ."