నల్లదారం పనికి వెనకవైపు: అల్ రువైస్ దారిలో ఒక పాతకాలపు సంత

సూదీ దారం నాకు కొత్త కాదు. ఐదు వందల ఏళ్ళ కిందటి యూరప్ గౌను కుట్టాలన్న పిచ్చి మాత్రం ఖతర్ వచ్చాకే పట్టుకుంది. మా ఆయనకి గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అల్ ఖోర్‌లో పగలంతా ఇంట్లో ఏసీ చప్పుడూ నేనూ. కాకినాడ బడిలో పిల్లలందరూ సుజాత టీచరు అని పిలిచిన నన్ను, ఇక్కడ పేరు పెట్టి పిలిచే మనిషే లేదు. అలాంటప్పుడు దోహాలో పాతకాలపు దుస్తులు చేత్తో కుట్టుకుని వేసుకునే ఆడవాళ్ళ గుంపు ఒకటి ఉందని తెలిసి చేరాను. నా గౌనుకి చేతులు విడిగా ఉంటాయి, భుజాల దగ్గర నాడాలతో కట్టుకోవాలి. ఆ తెల్లటి నారబట్ట చేతుల మీద నల్ల పట్టుదారంతో పూలతీగ కుట్టడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది.

ప్రపంచకప్ పనులు జోరుగా సాగుతున్న ఆ చలికాలంలో, మా గుంపు అల్ రువైస్ వెళ్ళే దారిలో ఒక పొలంలో రినైసెన్స్ ఫెయిర్ పెట్టింది. అందరూ ఆనాటి వేషాలు వేసుకుని ఒక రోజంతా గడిపే సంత అది. అక్కడ కుట్టుపని చేసి చూపించడానికి ఒకే ఒక బల్ల ఉంటుందన్నారు. అడిగాను, ఇచ్చారు. బయల్దేరే ముందు రోజు మాత్రం ఫెయిర్ నడిపే మార్గరెట్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది: "రాగానే ముందు నన్ను కలవండి. మీ పని గురించి మాట్లాడాలి." ఏం మాట్లాడాలని అడిగితే, వచ్చాక చెప్తానంది.

శనివారం ఉదయం ఏడింటికి లింబాద్రి టాక్సీ వచ్చింది. ఆయనది జగిత్యాల వైపు. నేనెక్కడికి వెళ్ళినా ఆయన బండే. రానూపోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి రెండు వందల రియాళ్ళు మాట్లాడుకున్నాం. మామూలుగా ముప్పావుగంట దారి. ఊరు దాటాక గుడారం ఆకారంలో లేస్తున్న స్టేడియం, దాని చుట్టూ క్రేన్లు. ఇంకాస్త ముందుకు వెళ్ళాక లింబాద్రి ఉన్నట్టుండి హైవే దిగి మట్టిదారి పట్టాడు. ఆ మెసేజ్ చదివినప్పటి నుంచి నా మనసు అందరి మీదా అనుమానపడుతూనే ఉంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను.

"ఇటెందుకు తిప్పారు?"

"ముంగట రోడ్డు బంద్ జేసిండ్రు మేడం. అంత ఫుట్‌బాల్ పని. సుట్టు తిరిగి పోవాలె." అద్దంలోంచి నా సంచీ కేసి చూశాడు. "గంత పెద్ద సంచిల ఏమున్నది?"

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మన దగ్గర చీరెలు లేనట్టు, ఎవ్వల్దో ముత్తవ్వ గౌను ఏసుకుంటర?"

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆ చుట్టుదారిలో అరగంట ఎక్కువే పట్టింది.

పొలంలో ఖర్జూరపు చెట్ల మధ్య గుడారాలు వేసి ఉన్నాయి. పక్కనే మేకల దొడ్డి. వెల్వెట్ గౌన్లు, తోలు కోట్లు, ఈకల టోపీలు పెట్టుకున్న మనుషులు ఇసుకలో తిరుగుతున్నారు. మార్గరెట్ అరవై దాటిన ఐరిష్ ఆవిడ. పొడవాటి ఉన్ని అంగరఖా ముంజేతుల మీదుగా మెడ దాకా కప్పుకుని, నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో మెల్లగా అడిగింది: "మీ గౌను చేతుల మీద పని మిషన్ ఎంబ్రాయిడరీ అంటున్నారు. ఏషియన్ టౌన్‌లో టైలరు దగ్గర చేయించారట. నిజమేనా?"

ఒళ్ళు మండిపోయింది. ఎవరన్నారని అడిగితే పేరు చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల సంగతి తేలుద్దామని వెళ్ళిపోయింది.

నేను దోహా శివారులోని ఏషియన్ టౌన్ బజారుకి వెళ్ళిన మాట నిజమే. దారపు రీళ్ళ కోసం వెళ్ళాను. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు తీసుకెళ్ళిన లింబాద్రి. రెండోవారు అక్కడ దారాల కొట్లో ఎదురైన నసీమ్. ఆమె కూడా మా గుంపులో మనిషే, కరీంనగర్ నుంచి వచ్చి దోహాలో ఉంటోంది. ముందు కారు దగ్గరికి నడిచాను.

"ఏషియన్ టౌన్ వెళ్ళిన సంగతి ఎవరితోనైనా అన్నారా?"

లింబాద్రి తెల్లబోయాడు. "నేనెవ్వలకు జెప్తా మేడం? మా ఇంటామెకు ఇన్నేండ్ల సంది ఖతర్ ఖతర్ అని మొత్తుకుంటున్నా, ఇంకా దుబాయ్ల ఎట్లున్నవ్ అనే అడుగుతది. నా ముచ్చటే ఎక్కుతలేదు, మీ ముచ్చట ఎవ్వలకెక్కుతది?"

ఇక మిగిలింది నసీమ్. ఆ బల్ల తనకూ కావాలని అడిగిందని ఎవరో అన్నది గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఆమె ఎటు వెళ్తే అటు చూస్తూనే ఉన్నాను. ఆమె కూడా నన్ను చూస్తోంది. నా మొహం కాదు, గౌను చేతులు.

భోజనానికి పప్పు సూపు, రొట్టె, కాల్చిన మాంసం. నూనె మరకలు పడతాయని నాడాలు విప్పి, గౌను చేతులు రెండూ బట్టలు మార్చుకునే గుడారంలో మడతపెట్టి వచ్చాను. తిరిగొచ్చేసరికి అవి లేవు. సంచీ బోర్లించాను. లేవు. బయటికి పరుగెత్తి గుడారం వెనక్కి వెళ్తే, నసీమ్ ఇసుకలో చతికిలబడి, నా గౌను చేతిని లోపలివైపు బయటికి తిప్పి ఎండకేసి పట్టి చూస్తోంది.

"అవి నావి," అన్నాను.

"తెలుసక్కా. అందుకే తెచ్చిన."

"మార్గరెట్‌కి చెప్పింది మీరేనా?"

"ఔ, నేనే చెప్పిన."

"బల్ల కోసమా?"

"బల్ల నేను గూడ అడిగిన, అబద్ధం ఎందుకు? కానీ అందుకు చెప్పలే. ఇది చూడు." ఫోను నా ముందు పెట్టింది. టైలరు కొట్లో తీసిన ఫోటో. ఒక చొక్కా ముంజేతి పట్టీల మీద నా పూలతీగ. "ఎవ్వరి డిజైన్ అని అడిగితే ఖోర్ మేడందన్నడు. నువ్వే చేయించినవ్ అనుకున్న."

ఫోటో పెద్దది చేసి చూశాను. నా తీగలో మోచేతి దగ్గర ఒక్క ఆకు తిరగబడి ఉంటుంది. కుట్టాక గానీ గమనించలేదు, విప్పితే బట్ట పాడవుతుందని వదిలేశాను. ఈ ఫోటోలో ఆ తిరగబడ్డ ఆకు ప్రతి నాలుగు వేళ్ళ దూరానికీ ఉంది.

"నీ చెయ్యి ఒక్కపారే తప్పింది," అంది నసీమ్, తనూ వంగి చూస్తూ. "మిషన్ ప్రతిపారీ తప్పింది. నీ పని వెనక దిక్కు చూస్తే ముడి గూడ దొరకలే, రెండు దిక్కులా ఒక్కతీరే ఉంది. అరే, మార్గరెట్‌కు చెప్పనీకే లేస్తున్న, ఇంతల నువ్వొచ్చినవ్."

నిజంగా లేవబోతోందా? నాకు తెలియదు. నేను చూసినప్పుడు మాత్రం కూర్చునే ఉంది. నా తీగ ఫోటో నేను మా గుంపు వాట్సాప్‌లో తప్ప ఎక్కడా పెట్టలేదు. అంటే టైలరుకి ఇచ్చిన మనిషి ఇక్కడే ఉన్నారు.

ఇద్దరం కలిసి మార్గరెట్ దగ్గరికి వెళ్ళాం. ఎండ పెరిగింది. ఆవిడ అంగరఖా తీసి కుర్చీకి వేసింది. నసీమ్ నా మోచెయ్యి గిల్లింది. మార్గరెట్ చొక్కా ముంజేతుల మీద నా ఆకులు, వరసగా తిరగబడి ఉన్నాయి. నసీమ్ సలాం చెప్పినట్టే ఆవిడ చెయ్యి పట్టుకుని, పట్టీ అంచు మెల్లగా వెనక్కి తిప్పింది. లోపలంతా మిషన్ కింది రీలు తెల్లదారం ముడుచుకుని ఉంది.

మార్గరెట్ మొహం ఎర్రబడింది. "ఫోటో చూసి ముచ్చటపడి, ఖోర్ మేడం డిజైన్ అని చెప్పి టైలరుకి పంపాను. చేత్తోనే కుట్టానన్నాడు, నమ్మాను. నసీమ్ మాట విన్నాక, మీరూ అక్కడే చేయించారేమో అనుకున్నాను."

"నన్ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది," అన్నాను.

"అవును, అడగాల్సింది," అంది ఆవిడ. కానీ పొద్దున అంత చలి లేకపోయినా ఆ అంగరఖా మెడ దాకా ఎందుకు కప్పుకుందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

బల్ల నాకే ఇచ్చారు. నసీమ్ ఎవరూ పిలవకుండానే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. సూది వెళ్ళేటప్పుడు ఒక కుట్టు విడిచి ఒకటి, వచ్చేటప్పుడు ఆ ఖాళీలు నింపడం ఎలాగో చూపిస్తుంటే చుట్టూ జనం మూగారు. పొలం యజమాని ఇంటి పెద్దావిడ ఒకరు వచ్చి, బట్ట ఎత్తి ముందుగా వెనకవైపే చూసింది. తర్వాత తలూపి, నా పేరు అడిగింది. సుజాత అన్నాను. రెండుసార్లు పలికి సరిచేసుకుంది.

సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణం. "గెలిసిండ్రా మేడం?" అన్నాడు లింబాద్రి.

"ఇది పోటీ కాదండీ."

"మరి మొఖం గట్లెందుకున్నది, పంచాయితీకి పోయొచ్చినట్టు?"

ఆ రోజు ఎవరిని ఎంత నమ్మాలో ఇప్పటికీ తేలలేదు. నసీమ్ నన్ను అనుమానించింది, నేను ఆమెని దొంగ అనుకున్నాను. ఆ పని ఇద్దరం కలిసి తిరగేసి చూశాక మాకు స్నేహం కుదిరింది. ఇప్పుడు వారానికొకసారి ఖోర్ వస్తుంది, బిర్యానీ తెస్తుంది, వచ్చీ రాగానే నేను కుట్టేది అందుకుని వెనకవైపు తిప్పి చూస్తుంది. నాకు కోపం రాదు. పరాయి దేశంలో నా పనిని అంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు. మార్గరెట్ మాత్రం ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదు. సిగ్గుపడి మానేసిందో, ఇంకేదైనా కుట్టిస్తోందో తెలియదు.

ఇలాంటి ఫెయిర్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. చేత్తో కుట్టేటప్పుడు, సూది ఇంకా బట్టలో ఉండగానే వెనకవైపు ఫోటోలు తీసి పెట్టుకోండి. మీ పని మీదేనని చెప్పుకోవాల్సి వస్తే అవే సాక్ష్యం. గుంపులో మాత్రం పెట్టకండి. నేను నసీమ్‌కి కూడా పంపను.