ఫ్యాన్లు ఆగిన చప్పుడు

ఏలూరు చిన్న పట్నమే అంటారు నాలుగూళ్లు తిరిగినవాళ్లు. కొల్లేటి లంకలో అరవై ఏళ్లు బతికిన నాకు ఇదే మహానగరం. పొద్దున్నే మిక్సీల గోల, హారన్లు, పునుగుల బండి దగ్గర మాడిన నూనె, కాలవ కంపు, లిఫ్టులో ఫినాయిలు. నెల తిరిగేసరికి అన్నీ అలవాటైపోయాయి. మా ఆయనకి అలవాటు కానిది కరెంటు పోయినప్పటి నిశ్శబ్దం ఒక్కటే.

ముప్ఫై ఏళ్లు రొయ్యల చెరువు చేశారు. కరెంటు పోతే నీళ్లు చిలికే ఫ్యాన్లు ఆగుతాయి, రొయ్యలకి ఊపిరాడదు. ఆ చప్పుడు ఆగగానే ఎంత నిద్రలో ఉన్నా లేచి పరిగెత్తేవారు. దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూసేవారు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే చెరువు అడుగు చెడినట్టే. మతిమరుపు మొదలయ్యాక ఒక తెల్లవారుజామున ఫ్యాన్లు ఆగినా ఆయన లేవలేదు. సగం చెరువు చచ్చింది. మిగిలింది పట్టేసి, చెరువు వదిలేసి ఇక్కడి ఫ్లాటుకి వచ్చాం.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పొయ్యి దగ్గర్నుంచి వచ్చి చూస్తే మంచం ఖాళీ. కిందికి దిగాను. నీళ్ల సంపు మూత తీసి ఉంది. ఆయన నడుం దాకా లోపలికి వంగిపోయారు. వాచ్‌మన్ పంచె పట్టుకు లాగుతున్నాడు.

"తాగే నీళ్లండీ తాతగారూ! పడితే పైకి రారండీ బాబూ!"

ఆయన తడి అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "బ్లీచింగు కొడతంది. ఎవడు పోశాడే ఇంత? రొయ్యలేవే?"

"పట్టేశామండి. ఐసేసి లారీ ఎక్కించేశాం."

"ఏవీ చావలేదుగా?"

నాకు అబద్ధం నోటికి రాదు. అయినా వచ్చింది. "ఒక్కటీ చావలేదండి."

ఆయన మొహం తేటపడింది.

"బయట గొళ్లెం పెట్టుకోండి మామ్మగారూ" అన్నాడు వాచ్‌మన్.

"గేదెనన్నా పగలు విప్పుతారయ్యా. మనిషిని కట్టేయమంటావేంటి?"

అన్నాను గానీ, మెట్లెక్కుతున్నంతసేపూ ఆయన చెయ్యి వదల్లేదు. సంపుకి తాళం వేయిస్తాం. వీధికి, కాలవకి ఎవరు వేస్తారు?

చదువు నాకు యాభై దాటాక వచ్చింది. బస్సు బోర్డులకి తప్ప దేనికీ వాడలేదు. ఆ సాయంత్రం వీధి తలుపు లోపలివైపు సుద్దముక్కతో పెద్దగా రాశాను: రొయ్యలు పట్టేశాం. ఒక్కటీ చావలేదు.

ఇప్పుడు కరెంటు పోతే ఆయన తలుపు దాకా వస్తారు. పైకి చదువుతారు. ఒక్కోసారి రెండుసార్లు. తర్వాత వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుంటారు.

ఆయన చెయ్యి తగిలి అక్షరాలు చెరుగుతుంటాయి. నేను దిద్దుతుంటాను. అబద్ధం ఉన్న ముక్క ముందు దిద్దుతాను.