ఇత్తడి తాంబాళంలో కాళ్లు

మా బాపుకు ఒక పిచ్చి ఉంది. బైబిలు చదివితే చాలదట, ఆ కాలం మనుషులు ఏం తిన్నారో, ఎట్లా పడుకున్నారో, ఏ మాట ఏ అర్థంతో అన్నారో తెలియాలట. జనగామలోని మా చిన్న చర్చిలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది ఆయనే. ఇంటి కప్పు విప్పి రోగిని దించిన కథ వస్తే, అక్కడి కప్పులు మట్టివనీ, పైకి మెట్లు బయటి నుంచే ఉండేవనీ బొమ్మ గీసి మరీ చెబుతాడు. మా వంటింట్లో పిండి పులిసినా పాఠమే. నవ్వలేక చచ్చేదాన్ని.

అలాంటి మనిషి నా పెళ్లి మాట వచ్చేసరికి మూతి బిగించాడు. నేను మహబూబాబాద్‌లో టీచర్‌ని. అదే బడిలో పనిచేసే భూపాలపల్లి అబ్బాయిని చేసుకుంటానన్నాను. వాళ్లు గుడికి పోయేవాళ్లు. కానీ బాపు దిగులు అది కాదు.

"వాళ్ల దిక్కు ఆడపిల్ల తండ్రి బతికినన్ని దినాలు వంగే ఉండాలె. గది నాతోని కాదు బిడ్డా," అన్నాడు.

అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను అలిగాను, ఏడ్చాను, అన్నం మానేశాను. చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నాడు. వాళ్లు వచ్చి చాయ్ తాగి పోతారు, తను "చూద్దాం" అంటాడు. మా బాపు చూద్దామంటే లేదనే.

వాళ్లు వచ్చిన ఆదివారం ఒకటే వాన. పైపుల కోసం మా గల్లీ అంతా తవ్వి పెట్టారు, ఆటో లోపలికి రాలేదు. బాపు గొడుగు పట్టుకుని ఎదురెళ్లాడు. అబ్బాయి, వాళ్లమ్మ, బాపు ముగ్గురూ మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. వాళ్లమ్మ నల్లా దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుంది. అబ్బాయి కాళ్లు చూసి మాత్రం బాపు ముఖం వెలిగిపోయింది. ఆ పొద్దున పిల్లలకు చెప్పిన పాఠం అదే మరి! దుమ్ము దారిన నడిచొచ్చిన చుట్టానికి ముందు కాళ్లకు నీళ్లు, ఆ కాళ్లు కడిగేది ఇంట్లో అందరికంటే చిన్న పనివాడు. ప్రభువు మాత్రం గురువై ఉండి తనే వంగి శిష్యుల కాళ్లు కడిగాడు.

"జర కూసో బిడ్డా," అని అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇత్తడి తాంబాళం తెచ్చాడు, భుజాన టవల్ వేసుకుని కింద కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లు పోశాను. నాకైనా తట్టొద్దా? మా పెళ్లిళ్లలో కాళ్లు కడిగే ఆచారం లేదు, తట్టలేదు.

వాళ్లమ్మ వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో అన్నా! తాంబాళంల పిలగాని కాళ్లు కడిగినవ్, బిడ్డ నీళ్లు పోసింది. ఇగ పిల్లనిచ్చినట్టే!"

బాపు చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. "గట్ల గాదమ్మా, గిది బైబిలు కాలం మర్యాద..."

"ఏ కాలందైతేంది అన్నా, కడిగినవా లేదా?"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. చెంబు ఊగి సగం నీళ్లు బాపు చొక్కా మీద పడ్డాయి. కానీ ఇప్పుడు బాపు కాదన్నాడంటే ఇక ఎప్పటికీ కాదు.

అబ్బాయి లేచాడు. బాపును భుజాలు పట్టి లేపి, అదే కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మీ కాళ్లు గూడ బురదనే గద సార్," అని కింద కూర్చున్నాడు.

"ఓరి నీ! అల్లుడు మామ కాళ్లు కడుగుడు యాడన్న ఉన్నదారా!" అని వాళ్లమ్మ కేకేసింది.

"సార్ పాఠంల ఉన్నదమ్మా. పిలగాని దిక్కోళ్లమే పెద్దోళ్లమంటరు గద, పెద్దోడే వంగాల్నట."

ఆ పాఠాలన్నీ బడిలో అన్నం తినేటప్పుడు అతనికి నేను చెప్పినవే. నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. బాపు కాళ్లు వెనక్కి లాక్కోలేదు. తల వంచుకుని ఆ అబ్బాయి చేతులనే చూస్తున్నాడు.

వాళ్లమ్మ గబగబా దగ్గరికొచ్చింది. నా చేతిలోంచి చెంబు గుంజుకుంది. "ఏం పిల్లవే, నీళ్లన్నీ కింద పోస్తున్నవ్," అని బాపు కాళ్ల మీద తనే పోసింది.

"సాలు చెల్లే, సాలు," అన్నాడు బాపు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చాయ్ గాదు బిడ్డా. అన్నం వండు."