మూత చప్పుడు

మా బాబాయి పోయారు. నెల దాటింది. ఆయన్ని తలుచుకుంటే పెద్ద సంగతులేవీ గుర్తు రావు, ఒక మామూలు ఉదయమే కళ్ళముందు నిలుస్తుంది.

పటమటలో కింద మా టిఫిన్ హోటల్, పైన ఇల్లు. తెల్లవారుజామున నేను దీపం వెలిగించేసరికి కింద ఇనుప మూత లేచిన చప్పుడయ్యేది. వంటింటి నీళ్ళు వీధి డ్రైనేజీలో కలిసేముందు ఆగే జిడ్డుగుంట మూత అది. గారెలకు పనికిరాని పాత చిల్లుల గరిటెతో బాబాయి పైన పేరుకున్న జిడ్డంతా తీసి డబ్బాకెత్తేవారు. ఆయన స్నానమయ్యేసరికి నా పూజా ముగిసేది.

పెద్ద తమ్ముడు ఆటపట్టించేవాడు.

"వచ్చినవాళ్ళు దోసె చూస్తారుగానీ తూము చూస్తారా బాబాయ్?"

"దోసె తిన్నవాడు సాయంత్రానికి మరిచిపోతాడ్రా. తూము మరిచిపోదు."

గుంటలో వేడినీళ్ళు పోస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "కరిగితే పోయిందనుకోకండి. ముందుకెళ్ళి పక్కవాళ్ళ దగ్గర గడ్డకడుతుంది."

పెద్దకర్మ అయ్యాక హోటల్ తెరిచాం. గుంట మీద బండ పరిచి పార్శిల్ కౌంటర్ పెడదామన్నాడు చిన్న తమ్ముడు. ఈలోగా జిడ్డు తీసే తీరిక లేదని తమ్ముళ్ళిద్దరూ రోజూ గుంటలో వేడినీళ్ళే పోశారు. మూత చప్పుడు వినబడటం లేదని నాకు తెలుసు. అడగలేదు. దీపం ముందు కూర్చున్నా మనసు నిలిచేది కాదు, కింద వంటింట్లోనే తిరిగేది. నామం ఎక్కడ ఆపానో మరిచి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

నిన్న పొద్దున పక్కింటి బీబీగారు వచ్చారు. వాళ్ళ స్నానాలగదిలోకి మురుగు ఎగదన్నింది.

"మీ బాబాయిగారున్నప్పుడు మీ సాంబారు వాసన కిటికీలోంచి వచ్చేదమ్మా. ఇప్పుడు తూములోంచి వస్తోంది," అని నవ్వబోయి ఆగారు. "నమాజుకి కాళ్ళుచేతులు కడుక్కుందామన్నా చోటు లేదు."

తమ్ముళ్ళు తలొంచుకున్నారు. నేనూ. మనుషుల్ని పిలిపించి పైపు బాగుచేయించి, ఆ గది మా మరదళ్ళూ నేనూ కడిగొచ్చాం.

సాయంత్రం అందరం కూర్చున్నాం. కౌంటర్ వద్దనుకున్నాం. గుంట మీద బండ కాదుకదా, బస్తా కూడా పెట్టకూడదు. వేడినీళ్ళు పొయ్యకూడదు. మూత తీసే పని వారానికొకరిది. మొదటి వారం నాది. చిల్లుల గరిటె ఆయన తగిలించిన మేకుకే ఉండాలి. ఇకనుంచి ముందు మూత, ఆ తర్వాత స్నానం, ఆ తర్వాతే దీపం.