తాడు వదిలి వాదించిన రోజు

వల నిండా పడిన చేపల్ని నోటితో సముద్రంలోకి తిరిగి పంపిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేనే.

పందొమ్మిదొందల అరవైల మొదట్లో ఎస్సెల్సీ పాసై, సముద్రపొడ్డున ఉన్న మా ఊరు మైపాడు తిరిగొచ్చి, ఎవరేం తప్పు మాట్లాడినా సరిదిద్దే ఉద్యోగం సొంతంగా చేపట్టాను. జీతం లేదు, సెలవూ లేదు.

మా పేటలో మాణిక్యమక్క ఉండేది. మగపిల్లాడిగా పెంచారు, తాను ఆడదాన్నేనని చీర కట్టింది. పదేళ్లుగా ఒడ్డున నిలబడి మాతోపాటు పెద్దవల తాడు లాగుతోంది. లాగినవాళ్లకు చేపల్లో వాటా. ఆమె పొయ్యి వెలిగేది ఆ వాటాతోనే.

ఆ పొద్దున తాడు వరసలో నా ముందు పోలయ్య మామ, వెనక మాణిక్యమక్క. వల బరువుగా వస్తోంది.

"ఇట్టాటి మనిషి చెయ్యి పడితే వలకి అరిష్టంరా అబ్బయా," అన్నాడు మామ.

"పదేళ్లుగా లేని అరిష్టం ఇప్పుడొచ్చినాదా?" అన్నాను నేను.

"అసలు ఆడదా, మొగోడా? తేల్చి చెప్పు."

"ఆడదాన్నని ఆమే చెప్తా ఉండాదిగదా. నువ్వు పోలయ్యవని చెప్తే నేను సాక్ష్యం అడిగినానా?"

"సదువెక్కువై నీ బుర్ర ఉప్పుచేప అయిపోయినాదిరా!"

"వద్దులే తమ్ముడా, లాగు," అంది వెనక నుంచి అక్క.

ఎలా ఊరుకుంటానండీ? ఇరవై మంది ముందు ఉప్పుచేప అన్నాడు! నా దగ్గర అయిదు సమాధానాలున్నాయి. లెక్కపెట్టి చెప్పాలంటే వేళ్లు కావాలి. మొదటిదానికి ఒక చెయ్యి తీశాను, మూడోదానికి రెండోదీ తీశాను. మామకూ వేలు చూపించకుండా మాట్లాడటం రాదు, ఆయనా వదిలాడు. మమ్మల్ని విడదీయడానికి ఇంకో నలుగురు వదిలారు.

తాడు సర్రున అలల్లోకి జారింది. వల ఒక పక్కకు ఒరిగింది. పెళ్లి భోజనం ముగించిన చుట్టాల్లా చేపలు తీరిగ్గా వెళ్లిపోయాయి. మాణిక్యమక్క మాత్రం తాడు తనను ఇసుకలో మోకాళ్ల మీద ఈడ్చుకుపోతున్నా పట్టు వదల్లేదు. వలైనా మిగిలిందంటే ఆమె వల్లే.

"చూసినారా? అరిష్టమని చెప్పినానా లేదా?" అని గర్జించాడు మామ.

నా వాదనతో ఆయన మాటకు నేనే రుజువు సమకూర్చాను!

అక్క చర్మం ఊడిన అరచేతులు చూసుకుంది. "పదేళ్లుగా ఆయన అంటానే ఉండాడు, నేను లాగతానే ఉండా, నా వాటా నాకొస్తానే ఉండాది. ఇయ్యాల నువ్వు నా తరపున మాట్లాడినావు, తమ్ముడా."

ఇక ఆమెను తాడు దగ్గరకు రానిస్తారా?

వల యజమాని కోటయ్య పెదనాన్న వచ్చి ఆ చేతులు చూశాడు. "మాణిక్యం, రేపట్నుంచి నువ్వే ముందు పట్టు." తర్వాత నా వైపూ మామ వైపూ తిరిగాడు. "మీరిద్దరూ ఆ దిబ్బ మీద కూర్చోని తేల్చుకోండి. తేలిందాకా తాడు ముట్టుకోబాకండి."

నెల రోజులు కూర్చున్నాం. ఏమీ తేలలేదు, కూరలోకి చేపా లేదు. నా గొంతు పోయింది, ఆయన అభిప్రాయం చెక్కుచెదరలేదు. ఈలోపు రోజూ అక్క వెనక నిలబడి లాగినవాళ్లు మాత్రం అరిష్టం సంగతే మరిచిపోయారు. వాళ్లతో ఎవరూ వాదించలేదు.

అందుకే సముద్రం సాక్షిగా ఒట్టేస్తున్నాను: చేతిలో తాడుండగా ఈ జన్మలో ఎవరితోనూ వాదించను. పోలయ్య మామ పోయి చాలా ఏళ్లయింది. కానీ ఆ రోజే కాదు, ఆ నెలంతా కూడా అయిదింటిలో మూడే చెప్పనిచ్చాడు. మిగతా రెండూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి.