పియానోకు బొట్టు పెట్టిన రోజు

నా చిన్నప్పుడు, జహీరాబాద్ స్టేషన్‌లో రైలు కిటికీలోంచి పియానో అమ్మగారు నాతో అన్న చివరి మాట, "తడి చేతులతోటి దేన్నీ ముట్టకు పిల్లా" అని. "ముట్టనమ్మా" అన్నాను. ఇద్దరం నవ్వుతుండగానే రైలు కదిలింది. ఆ నవ్వు సంగతే ఇది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా మనుమరాలు రాస్తోంది.

అమ్మగారు మిషన్ బడిలో పాటలు నేర్పేవారు. మా అమ్మ ఆమె ఇంట్లో బోళ్లు తోమేది, ఇల్లు ఊడ్చేది. ఆ ఇంటి వెనక గదిలోనే మేమిద్దరం ఉండేవాళ్లం. నాన్న అప్పటికే లేడు. ఆ పని పోతే ఆ గది కూడా పోయినట్టే.

దసరా వచ్చింది. మావాళ్లు ఆ రోజు నాగలి, కొడవలి, ఇసుర్రాయి, ఏ పనిముట్టునైనా సరే కడిగి, పసుపు రాసి, బొట్టు పెడతారు. పెట్టకపోతే అది అలిగి ఏడాదంతా పని చెయ్యదని మా అమ్మమ్మ అనేది. అమ్మగారు కోహీర్‌కు పోయారు, అమ్మ బావి దగ్గర ఉంది. అమ్మగారికి అన్నం పెట్టే పియానోకు ఎవరూ పూజ చెయ్యలేదే అని నాకు ఒకటే బాధ. ముంత నిండా నీళ్లు తెచ్చి, గుడ్డ ముంచి, ఆ తెల్లమెట్లూ నల్లమెట్లూ అన్నీ కడిగాను. సందుల్లోకి నీళ్లు కారాయి. పైన చెక్కకు పసుపు రాసి, వరసగా ఏడు బొట్లు పెట్టాను. ఎంత ముద్దుగా కనబడిందో!

అమ్మ వచ్చి చూసి, "ఓ పాడుపోరీ, కొంప ముంచినవ్ గదనే!" అని నెత్తి కొట్టుకుంది. మూడు మెట్లు లోపలికి దిగబడి పైకి లేవలేదు. సాయంత్రం అమ్మగారు గడపలో కాలు పెట్టేసరికి, అమ్మ ఆమె ముందు కూలబడి, "జర మాఫ్ చెయ్యిన్రి అమ్మా, పిల్లకు ఎరుక లేదు" అని ఏడ్చింది.

అమ్మగారు బొట్లు చూశారు, నన్ను చూశారు. పక్కన కూర్చోబెట్టి, నా అరచెయ్యి ఆ చెక్క మీద పెట్టించి, కళ్లు మూసుకోమన్నారు. వాయించడం మొదలుపెట్టారు.

అంతకుముందు ఆ ఇంట్లో నేను విన్నవన్నీ చప్పట్లు కొట్టే పాటలే. దీనికి దరువు లేదు, మాట లేదు. ఒక చుక్క పడేది, అది పూర్తిగా ఆరకముందే ఇంకొకటి దాని మీద పడేది. చెక్కలోంచి నా చెయ్యి జిల్లుమంది. దిగబడిన మెట్ల దగ్గర మాత్రం టక్కుమని ఊరుకునేది.

"ఏం కనబడ్డది?" అని అడిగారు.

"వాన" అన్నాను వెక్కుతూ. "మొగుడంపల్లి దిక్కుకెల్లి జొన్నచేన్ల మీదంగ వస్తున్నది. నడుమ నడుమ ఆగుతున్నది."

"ఆగేది నీ పుణ్యమే!" అని అమ్మగారు పకపకా నవ్వారు. ఫ్రాన్స్ దేశంలో కొందరు, కథలు చెప్పకుండా, నీళ్లూ వెలుగూ మనసుకు ఎట్లా తగులుతాయో అట్లాగే సంగీతం కట్టారట. "బడిల ఇంతమందికి వినిపించిన, వాన అని ఒక్కరు చెప్పలే" అన్నారు. అమ్మ వైపు తిరిగి, "లే, ఏడ్వకు. పొద్దున పనికి రా. పిల్లను గూడ వెంట తెచ్చుకో" అన్నారు.

ఎండకు రెండు మెట్లు లేచాయి. ఒకటి లేవనే లేదు. నాలుగేళ్లు, ఆమెకు బదిలీ అయ్యేదాకా, నేను ఆ చెక్క మీద చెయ్యి పెట్టుకొని విన్నాను.

మొన్న మా మనుమరాలు ఫోన్లో అటువంటిదే పెట్టింది. దాన్ని ఇంప్రెషనిస్టు సంగీతం అంటారట. పేరు నాకు నోరు తిరగదు. కానీ వినగానే ఒళ్లు గుర్తుపట్టింది.

చదువు రానిదానివి, నీకేం తెలుసని నన్ను చాలామంది అన్నారు. మా ఆయన పోయాక అయితే అడిగేవాళ్లే లేరు. అయినా నా చెవి, నా కన్ను తక్కువవి అని నేనెప్పుడూ అనుకోలేదు. అంత చదువుకున్న మనిషి, అంత నష్టం చేసిన పిల్లను కూర్చోబెట్టి, నీకేం కనబడిందని అడిగింది. అప్పటి నుంచి నాకు కనబడింది నేను చెబుతూనే ఉన్నాను, ఎవరు విన్నా వినకపోయినా.

చాలు బిడ్డా, కలం పెట్టు. ఇగ మొదటికెల్లి చదువు. నా మాటనే రాసినవో, నీ మాట కలిపినవో విందాం.